కొత్త మోడల్ సైకిలు, పాత ఏటిగట్టు

సైకిల్ కంపెనీ వచ్చే ఏడాది మోడళ్లు బయటపెట్టిందంటే చాలు, రాజమండ్రిలోనైనా భీమవరంలోనైనా అమలాపురంలోనైనా పొద్దున్నే రైడుకు వెళ్లేవాళ్ల నోట ఇంచుమించు ఇవే మాటలు. "రంగు మార్చి ధర పెంచారు." "21 గేర్లుండేవి, 8 చేసేశారు." "వీ బ్రేకులు తీసి డిస్కులు పెట్టమని ఎవరడిగారు?" "కేబుళ్లన్నీ లోపలికెళ్లిపోయాయి, భలే ఉంది." కోపం రావాల్సిన చోట మెచ్చుకోలు, పట్టించుకోనక్కర్లేని చోట కోపం కనిపిస్తున్నాయి. దేనికి ఎంత బరువివ్వాలో విడదీసి చూద్దాం.

గీటురాయి ఒక్కటే పెట్టుకుందాం. తేమ, ఉప్పుగాలి, రేగడి బురద ఉన్న ఈ గోదావరి డెల్టా నేల మీద ఏ భాగం ముందు అరుగుతుంది, అరిగాక అది ఇక్కడ దొరుకుతుందా, ఇక్కడి మెకానిక్కు విప్పి బిగించగలడా? పాలక్యాన్లు, కొబ్బరికాయలు మోసే మామూలు పెద్ద సైకిలు ఈ పరీక్షలో ఎప్పుడో నెగ్గింది. రాడ్ బ్రేకు, కాటర్ పిన్నుతో బిగించే క్రాంకు (పెడల్ కడ్డీ), 28×1½ టైరు. దశాబ్దాలుగా అవే కొలతలు. కొత్తపేటలో కొన్న పెడల్ రాజోలులోని సైకిలుకు పడుతుంది. దాన్ని తొక్కేవాళ్లకు మోడల్ ఇయర్‌తో పనే లేదు. ఆ వెసులుబాటును గేర్ సైకిళ్లు ఏటా కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటున్నాయి. అసలు గొడవ అక్కడుంది.

ఏటా మారేది ఏమిటి

ఫ్రేము అచ్చు చేయించడం ఖర్చుతో కూడిన పని. అందుకే ఒకే ఫ్రేము మూడు నాలుగేళ్లు నడుస్తుంది. ఏటా మారేవి రంగు, స్టిక్కర్లు, సీటు, టైరు, గేర్ల సెట్టు. రంగు మార్పును విమర్శించడం దండగ. పాత రంగు మిగిలిపోయిన షాపులో తగ్గింపు దొరుకుతుంది కాబట్టి కొనేవాడికి అది లాభం కూడా. 2020–21లో సైకిళ్లకు విపరీతమైన గిరాకీ వచ్చి, తర్వాత గోదాముల్లో సరుకు పేరుకుపోవడంతో కొన్ని కంపెనీలు మోడల్ పేరును సంవత్సరంతో ముడిపెట్టడమే తగ్గించుకున్నాయి.

జాగ్రత్తగా చూడాల్సింది, పేరు అదే ఉండి లోపల మారినవాటిని. కంపెనీ ఒక ధర మెట్టు ముందే అనుకుంటుంది. విడిభాగాల ఖర్చు పెరిగితే ఆ మెట్టు దాటకుండా ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. వెనక డిరైలర్‌లో (చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదకు జరిపే భాగం) కోత పెట్టదు, షాపులో అందరి కళ్లూ దాని మీదే. హబ్బులు (చక్రం నడిమి భాగాలు), చైను, క్యాసెట్ (వెనక పళ్లచక్రాల సెట్టు), బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగు), టైర్లు చవకరకానికి దిగుతాయి. కాబట్టి పాత, కొత్త స్పెసిఫికేషన్ పట్టికలు రెండూ పక్కపక్కన పెట్టుకుని డిరైలర్ వరస వదిలేసి మిగతా వరసలు చదవాలి. చైను, హబ్బు దగ్గర నిరుడు కంపెనీ పేరు ఉండి, ఈసారి "అల్లాయ్", "స్టీల్" అని మాత్రమే రాశారంటే కోత అక్కడ పడింది.

21 తగ్గి 8 అయితే నష్టమా?

ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు. హెచ్చవేస్తే 21. ముందు 48, 38, 28 పళ్లు, వెనక 14, 16, 18, 20, 22, 24, 28 పళ్లు ఉన్న సైకిలు తీసుకోండి. ముందు 48, వెనక 24 వేసినా, ముందు 28, వెనక 14 వేసినా పెడల్ ఒక చుట్టుకు చక్రం తిరిగేది సరిగ్గా రెండు చుట్లే. 48–20కీ 38–16కీ తేడా ఒక్క శాతం. 21లో చాలా గేర్లు ఇలా ఒకదాని మీద ఒకటి పడేవే. పైగా ముందు పెద్దదీ వెనక పెద్దదీ కలిపి వేస్తే చైను అడ్డంగా లాగి త్వరగా అరుగుతుంది. సమతలమైన డెల్టాలో ముందు 28 పళ్ల చక్రం ఎక్కే అవసరమే రాదు. ముందు డిరైలర్ తీసేస్తే ఒక కేబులు, ఒక షిఫ్టరు (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట), బురద పట్టే ఒక చోటు తగ్గుతాయి. లెక్క తగ్గిందన్న కోపానికి ఇక్కడ ఆధారం లేదు.

కానీ అదే మార్పులో అసలు నష్టం ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది గేరుకూ గేరుకూ నడుమ దూరం. ముందు ఒకే 40 పళ్లు, వెనక 8 స్పీడు (అంటే ఎనిమిది పళ్లచక్రాల) 11–32 క్యాసెట్ వచ్చిందనుకుందాం. దాని పళ్లు 11, 13, 15, 18, 21, 24, 28, 32. 700×35 టైరు చుట్టుకొలత సుమారు 2.17 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే 15 పళ్ల మీద నిమిషానికి 72 సార్లు తొక్కాలి, 18 మీదకు వెళ్తే 86 సార్లు. చాలామంది కాళ్లకు హాయినిచ్చే 80 దగ్గర గేరే లేదు. పాత సైకిల్లో ముందు 38 మీద ఉంచి వెనక 14, 16, 18 మారిస్తే అదే వేగానికి 71, 81, 91 వచ్చేవి.

కొండల్లో ఈ దూరం తెలియదు, ఎక్కేటప్పుడు వేగం ఎలాగూ మారిపోతుంటుంది. బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా కాలవ గట్టు మీద ఎదురుగాలికి ఒకే వేగంతో తొక్కేటప్పుడు మాత్రం ప్రతి అయిదు నిమిషాలకూ తెలుస్తుంది. ఒక గేరు బరువు, పక్కది తేలిక. "కొత్త సైకిలు ఎందుకో మోకాళ్లు పట్టేస్తోంది" అనే ఫిర్యాదులో కొంత భాగం ఇదే.

మందు తేలిక. అదే 8 స్పీడులో 11–28 క్యాసెట్ వేయించుకోవాలి. దాని పళ్లు 11, 13, 15, 17, 19, 21, 24, 28. 17 పళ్ల మీద 25 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి 82 చుట్లు పడతాయి. చైను మార్చక్కర్లేదు, డిరైలర్‌కూ పళ్లచక్రాలకూ నడుమ ఎడం సర్దే బీ స్క్రూ కాస్త తిప్పితే సరిపోతుంది. అందులో అతి తేలిక గేరు మీద నిమిషానికి 60 తొక్కినా వేగం 11 కిలోమీటర్లు, వంతెన ఎక్కుడుకు అది చాలు. సెలవుల్లో మారేడుమిల్లి ఘాట్ ఎక్కేవాళ్లు, వెనక సామాను కట్టుకునేవాళ్లు మాత్రం 11–32 ఉంచుకోవడమే మంచిది.

క్యాసెట్టా, ఫ్రీవీలా

పట్టికలో ఇది చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్నిసార్లు ఉండదు కూడా. 7 స్పీడు సైకిళ్లలో చాలావాటికి వెనక ఫ్రీవీల్, అంటే పళ్లచక్రాల ముద్ద మొత్తం హబ్బుకు మరలా బిగుసుకుంటుంది. క్యాసెట్ అయితే ఫ్రీహబ్ అనే బొంగు మీదకు జారుతుంది. తేడా అంతా బేరింగు ఎక్కడుందన్నదాంట్లో ఉంది. ఫ్రీవీల్ హబ్బులో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది. అక్కడి నుంచి ఫ్రేము దాకా ఇరుసు ఆసరా లేకుండా నిలబడాలి. క్యారేజీ మీద బస్తా పెట్టి సిసి రోడ్డు అంచు దిగితే ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. క్యాసెట్ హబ్బులో బేరింగు అంచు దాకా వస్తుంది కాబట్టి ఆ బాధ చాలా తక్కువ. నిరుడు 8 స్పీడు క్యాసెట్ ఉన్న మోడల్ ఈసారి 7 స్పీడు ఫ్రీవీల్‌కు దిగితే, మిగతాదంతా మెరుగుపడినా అది వెనకడుగే. విప్పే పనిముట్లు రెండిటికీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ కొలతలు వేరు. ఒకదాన్ని రెండోదాంట్లో దూర్చి తిప్పితే గాళ్లు పాడవుతాయి.

గేర్లు, బ్రేకులు చేసే షిమానో కంపెనీ 2023లో తెచ్చిన క్యూస్ వరస గురించి కూడా ఒక మాట. ఫ్లాట్ హ్యాండిల్ సైకిళ్లలో షిమానో పాత వరసలు ఆల్టస్, అసేరా, అలీవియో ఉన్న చోట్లకు అది వస్తోంది. 2025లో వంపు హ్యాండిల్ సైకిళ్లకూ వచ్చింది. దాని లింక్‌గ్లైడ్ క్యాసెట్ పళ్లు మందం, పాత రకం కంటే మూడు రెట్లు మన్నుతాయని కంపెనీ మాట. బురదలో, తేమలో తిరిగే సైకిలుకు ఇది మంచి మార్పు, స్వాగతించాల్సిందే. ఇబ్బంది ఒక్కటి. క్యూస్ షిఫ్టరు కేబుల్‌ను లాగే పొడవు పాత షిమానో డిరైలర్ల లెక్కకు సరిపడదు. డిరైలర్ విరిగినప్పుడు షాపులో ఉన్న పాత అసేరా తెచ్చి బిగిస్తే ఏ గేరూ సరిగ్గా పడదు, ఎంత ట్యూనింగ్ చేసినా పడదు. సెట్టు సెట్టుగానే మార్చుకోవాలి.

స్పీడు లెక్క, అంటే వెనక పళ్లచక్రాల సంఖ్య, పెరిగేకొద్దీ చైను సన్నబడుతుంది. 8 స్పీడు చైను బయటి వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు, 12 స్పీడుకు 5 పైచిలుకు. చైను పిన్నును బయటికి కొట్టి, మళ్లీ అదే పిన్నును లోపలికి కొట్టడం పెద్ద సైకిళ్ల అలవాటు. 11, 12 స్పీడు సన్న చైన్లకు ఆ పని చేస్తే అక్కడే తెగిపోవచ్చు, ఎందుకంటే ఫ్యాక్టరీలో పిన్ను తలను వెడల్పు చేసి బిగించిన పట్టు ఒకసారి కొట్టగానే పోతుంది. ఆ స్పీడుకు సరిపడే క్విక్ లింకు (పిన్ను కొట్టకుండా చైను కలిపే విడి లింకు) ఒకటి సీటు బ్యాగులో ఉండాలి. అరుగుదల కొలిచే గేజీ మీద 8 నుంచి 10 స్పీడు చైను 0.75 దగ్గర, 11, 12 స్పీడు చైను 0.5 దగ్గర మార్చాలి. దాటితే క్యాసెట్ కూడా కొనాల్సి వస్తుంది. ఇంట్లో ఉంది కదా అని చైనుకు కొబ్బరినూనె వేయొద్దు. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున చైను లింకుల్లో నెయ్యిలా పేరుకుని ధూళిని పట్టుకుంటుంది.

28 అన్నీ ఒకటి కావు

కొత్త హైబ్రిడ్ (రోడ్డు సైకిలుకూ కొండదారి సైకిలుకూ మధ్యరకం) కొన్నవాళ్లకు మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. సైకిలు మీద "28" అని రాసి ఉంటుంది, ఊళ్లో షాపులో 28 టైరు ఉంటుంది, తెస్తే పట్టదు. పెద్ద సైకిలు 28×1½ టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. 700సి హైబ్రిడ్, రోడ్డు సైకిళ్లది 622. 29 అంగుళాల ఎంటీబీదీ (కొండదారి సైకిలు) 622నే. 27.5ది 584. 26 అంగుళాల ఎంటీబీది 559, అదే 26×1⅜ అని రాసి ఉంటే 590. అంగుళాల పేరు నమ్మొద్దు, టైరు పక్కగోడ మీద 37-622 లాంటి అంకె చదవాలి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం.

కాబట్టి కంపెనీ ఒక మోడల్‌ను 26 నుంచి 27.5కు మార్చిందంటే అది డెల్టా కొనుగోలుదారుకు చిన్న సంగతి కాదు. 559 టైరు మండల కేంద్రంలో దొరుకుతుంది. 584 కోసం కాకినాడో రాజమండ్రో వెళ్లాలి, లేదా తెప్పించుకోవాలి. ట్యూబు విషయంలో కాస్త సర్దుబాటు ఉంది, రబ్బరు కనక దగ్గరి సైజు తాత్కాలికంగా పనిచేస్తుంది. టైరుకు ఆ వీలు లేదు.

వెడల్పు పెరగడం మాత్రం మంచి వార్త. 28 మిల్లీమీటర్ల టైరు పోయి 35, 40 వస్తున్నాయి. సిసి రోడ్ల అతుకుల మీద, ఏటిగట్టు గ్రావెల్ మీద, లంకల్లో ఇసుక దారుల మీద ఆ తేడా నడుముకు తెలుస్తుంది. ఫ్రేములో ఖాళీ చూడాలి. టైరుకూ ఫోర్కుకూ నడుమ రెండు పక్కలా కనీసం 6 మిల్లీమీటర్లు లేకపోతే వానాకాలం పుంతదారిలో రేగడి మన్ను ఇరుక్కుని చక్రం తిరగదు. మడ్‌గార్డు బిగించే రంధ్రాలను కొన్ని కొత్త ఫ్రేముల్లో సోకు కోసం తీసేశారు. ఏడాదిలో నాలుగు నెలలు వానలుండే చోట అది నేరుగా తిరస్కరించదగ్గ మార్పు.

డిస్కు బ్రేకులు సరే, కేబుళ్ల సంగతి

వీ బ్రేకు రబ్బరు బురదలో రిమ్మునే గీకుతుంది, ఇసుక రేణువు దూరితే రిమ్ము పలచబడుతుంది. తడిలో ఆగే దూరం ఎక్కువ. ఐసు నీళ్లు కార్చుకుంటూ పోయే చేపల లారీల వెనక రోడ్డు తడిసిపోయే భీమవరం వైపు డిస్కు బ్రేకుకు విలువుంది. డిస్కును విమర్శించేవాళ్లతో ఈ విషయంలో ఏకీభవించలేం.

అయితే ఏ డిస్కు? కేబుల్‌తో నడిచేదైతే ఇక్కడి మెకానిక్కు చూసుకోగలడు. చాలా రకాల్లో ఒకవైపు ప్యాడే కదులుతుంది. అరిగేకొద్దీ రెండోవైపు ప్యాడును అలెన్ కీతో లోపలికి జరుపుతుండాలి, జరపకపోతే రోటరు (చక్రంతో తిరిగే డిస్కు రేకు) ఒకవైపుకు వంగుతూ బ్రేకు మెత్తబడుతుంది. హైడ్రాలిక్‌లో ప్యాడు అరుగుదల తనే సర్దుకుంటుంది, వేలితో నొక్కినా పట్టు బాగుంటుంది. ప్రమాదం నూనె దగ్గర. షిమానో, టెక్ట్రో బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్. స్రామ్ అనే ఇంకో కంపెనీ బ్రేకులు ఎక్కువగా డాట్ ద్రవంతో నడుస్తాయి. మోటార్‌సైకిల్ షాపులో బ్రేక్ ఆయిల్ అంటే ఇచ్చేది డాట్. దాన్ని మినరల్ వ్యవస్థలో పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, లీవరూ కాలిపరూ (ప్యాడ్లు ఉండే భాగం) రెండూ పారేయాల్సిందే. లీవరు మూత మీద ఏ నూనో రాసి ఉంటుంది, మెకానిక్కుకు అది చూపించాకే చెయ్యి వెయ్యనివ్వాలి. పంక్చరుకు చక్రం తీసినప్పుడు లీవరు నొక్కకూడదు, పిస్టన్లు ముందుకు వచ్చేస్తాయి. కాలిపరు నడుమ అట్టముక్క పెట్టుకుంటే చాలు. ప్యాడు మందం అర మిల్లీమీటరుకు వస్తే, రోటరు ఒకటిన్నర మిల్లీమీటర్లకు అరిగితే మార్చడమే.

ఇక అందరూ మెచ్చుకునే మార్పు, హెడ్‌సెట్ (హ్యాండిల్, ఫోర్కు తిరిగే బేరింగుల జత) గుండా లోపలికి పోయే కేబుళ్లు. ఇక్కడ మా అభిప్రాయం ఎదురుగా ఉంది. హ్యాండిల్ కింద ఉండే పై బేరింగులోకి చెమట, వాన, కడిగిన నీళ్లు దిగుతాయి. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తోడవుతుంది. ఆ బేరింగు ఇక్కడ పొడి ప్రాంతాల్లో కంటే ముందే తుప్పుపడుతుంది. కేబుళ్లు బయట ఉంటే దాన్ని మార్చడం అరగంట పని. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ తీసి, ఫోర్కు దించి, కొత్తది వేసి, గ్రీజు పూసి ఎత్తడమే. కేబుళ్లు, బ్రేకు గొట్టాలు ఆ బేరింగు మధ్యలోంచే పోతే గొట్టం ఊడదీయాలి, మళ్లీ గొట్టం చివర కొత్త ఆలివ్ (చిన్న లోహపు ఉంగరం) వేసి బిగించాలి, నూనె నింపి గాలి తీయాలి. సగం రోజు పని, అందుకు తగ్గ కూలి. గాలి నిరోధం తగ్గుతుందని చెబుతారు. పోటీల్లో తొక్కేవాళ్లకు అది లెక్కేమో గానీ, గంటకు 25 కిలోమీటర్లతో పోయే హైబ్రిడ్ మీద ఆ పేరు చెప్పి ఈ భారం మోపడం అన్యాయం. ఒకే ధరలో రెండు మోడళ్లుంటే కేబుళ్లు బయట కనిపించేదే తీసుకోండి. తప్పనిసరై రెండోది కొంటే వానలకు ముందొకసారి, తర్వాతొకసారి బేరింగుకు గ్రీజు పెట్టించాలి. కార్లు కడిగే ప్రెషర్ గన్‌ను దాని దరిదాపులకు రానివ్వకూడదు.

ఎలక్ట్రానిక్ గేర్ల (కేబులు బదులు బ్యాటరీతో మారేవి) మీద కోపం ఎక్కువగా రోడ్డు సైకిళ్ల వాళ్లది. 2022లో షిమానో రోడ్డు సైకిళ్ల గేర్ల వరస 105లో 12 స్పీడును ఎలక్ట్రానిక్‌గానే తెచ్చింది, కేబుల్ రకం 2023లో వచ్చింది. బ్యాటరీ చార్జీ చేసుకోవడం పెద్ద కష్టమేం కాదు. విరిగితే ఖర్చు మాత్రం సైకిలు ధరలో పెద్ద భాగమే.

రెండు చిన్న భాగాలు

వెనక డిరైలర్ వేలాడే చిన్న అల్యూమినియం ముక్కను హ్యాంగర్ అంటారు. ఏరు దాటించే పంటు మీద సైకిలు పక్కకు పడినా, బస్సు టాపు మీద కట్టి తెచ్చినా ముందు వంగేది అదే. వంగిందని చూసుకోకుండా తేలిక గేరుకు వెళ్తే డిరైలర్ స్పోకుల్లోకి పోయి చక్రాన్నీ ఫ్రేమునూ పాడుచేయొచ్చు. ఫ్రేముకొక ఆకారం, మోడల్ మారితే ఆకారం మారొచ్చు, నాలుగేళ్ల తర్వాత షాపులో దొరకకపోవచ్చు. స్రామ్ 2019లో యూడీహెచ్ పేరుతో అందరికీ ఒకే హ్యాంగర్ తెచ్చింది. కొత్త పట్టికలో ఆ మాట ఉంటే గట్టి ప్లస్ పాయింటు. లేకపోతే సైకిలు కొన్నరోజే రెండు హ్యాంగర్లు బిల్లులో వేయించుకోండి.

బాటమ్ బ్రాకెట్ మరలతో బిగిసేదా, ఒత్తి ఎక్కించేదా అని కూడా అడగాలి. మరలదైతే ఒక పనిముట్టుతో ఊడుతుంది. ప్రెస్‌ఫిట్ రకం తేమకు త్వరగా కిర్రుమంటుంది, ఎక్కించడానికి బేరింగు ప్రెస్ కావాలి, సుత్తితో కొడితే ఫ్రేము గుల్ల పాడవుతుంది.

ధర పెరిగిందా, తగ్గిందా

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు 20,000 ఉన్న సైకిలు 22,400 నుంచి 21,000 కావాలి. కొత్త మోడల్ కూడా 22,400కే వచ్చిందంటే "ధర పెంచలేదు" అని సంతోషించడం పొరపాటు. పన్ను తీసేస్తే దాని అసలు ధర 21,333, అంటే 1,333 రూపాయలు పెరిగింది. ఆ డబ్బుకు ఏం ఎక్కువ ఇచ్చారో పట్టికలో వెతకాలి.

షాపువాడు చెప్పే మోడల్ ఇయర్ కంటే డబ్బా మీద స్టిక్కరు చదవడం నయం. తయారైన లేదా దిగుమతైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ అందులో ఉంటాయి. రెండేళ్ల కిందటి సరుకు తగ్గింపుకు ఇస్తే వద్దనక్కర్లేదు. టైరు పక్కగోడను వేళ్లతో వంచి సన్న పగుళ్లున్నాయేమో చూడండి. హైడ్రాలిక్ లీవరును పది సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకోండి, మెల్లగా హ్యాండిల్ దాకా జారితే ఎక్కడో కారుతోంది. చక్రం ఊడదీసి ఇరుసును వేళ్లతో తిప్పితే గరగరలాడకూడదు, గరగరలాడితే గ్రీజు ఎండిపోయింది, షాపులోనే మళ్లీ పెట్టించాలి. సీటు గొట్టం ఒకసారి పూర్తిగా పైకి లాగి చూడండి. పొడిగా ఉంటే గ్రీజు పూయించి దించండి, కార్బన్ గొట్టమైతే కార్బన్ పేస్టు. స్టీలు ఫ్రేములో అల్యూమినియం గొట్టం తేమకు పట్టేస్తే రెండో వానాకాలానికి ఎవరు లాగినా రాదు. వారంటీ బిల్లు తేదీ నుంచా, తయారీ తేదీ నుంచా అన్నది బిల్లు మీదే రాయించుకుని, ఆ రెండు హ్యాంగర్లూ జేబులో వేసుకుని షాపు దిగండి.